ఒత్తులు రాలిన పేరు

విహారంలోని ఆరు కంప్యూటర్లకూ కాలం తీరిపోయిందని ప్రభుదాసుకు ఒకే వారంలో తెలిసింది.

కృష్ణ ఒడ్డున, పల్నాటి వైపు, ఒక గుట్ట మీద ఉన్న చిన్న బౌద్ధ విహారం అది. గుట్ట కింద మూడు పల్లెలు. నర్సింగ్ పరీక్షకు చదువుకునే ఆడపిల్లలు పగలు పైకి వచ్చి ఆ కంప్యూటర్ల మీద సాధన చేసుకునేవారు. ఏదో కాలేజీ పాతబడ్డాయని వదిలించుకున్న యంత్రాలవి. ఒకరోజు, మాదిరి పరీక్షల వెబ్‌సైటు వాటిమీద తెరుచుకోవడం మానేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ మరీ పాతది, కొత్తది వేసుకోండి అని తెర మీద రాసుంది. కొత్తది వేయబోతే, ఈ కంప్యూటరుకు కనీస అర్హతలు లేవు అని ఇంకో మాట వచ్చింది.

ప్రభుదాసు తొమ్మిదేళ్ళు హైదరాబాదులో ఒక కంపెనీలో ఇదే పని చేసి, విసిగి, అన్నీ వదిలేసి విహారంలోని పెద్ద భిక్షువు భంతే ఉపసేన దగ్గర శిష్యుడిగా చేరినవాడు. వచ్చి ఏడు నెలలయింది. ఇంకా కాషాయం ఇవ్వలేదు. తెల్లబట్టలే కట్టుకునేవాడు.

"అర్హత లేదంటోంది భంతే," అన్నాడు వెళ్ళి.

"ఏం లేదట?"

"లోపల ఉండాల్సిన చిప్పు ఒకటి లేదు. ప్రాసెసరు కూడా పాతదే. కానీ దారుంది. ఆ ప్రశ్నే అడగకుండా దాటించేయొచ్చు."

"దాటిస్తే పని చేస్తాయా?"

"చేస్తాయండీ. కాస్త మెమరీ పెంచాలి, అంతే."

"పిల్లలకు పనికొస్తే చెయ్యి," అన్నారు భంతే.

నాలుగు రోజులు పట్టింది. ప్రభుదాసు ఒక్కో పెట్టె విప్పి, దుమ్ము దులిపి, మెమరీ పెంచి, పెన్‌డ్రైవులోని కొత్త ఓఎస్‌లో అర్హతలు అడిగే భాగాన్ని తప్పించి ఎక్కించాడు. రెండోది మూడుసార్లు మొరాయించింది. నాలుగోదానికి శబ్దం రాలేదు. దానికి తగిన డ్రైవరు ప్రోగ్రాం వెతకడానికే ఒక పూట పోయింది. చివరికి ఐదూ లేచి కూర్చున్నాయి. పిల్లలు మళ్ళీ పరీక్షలు రాసుకోవడం మొదలుపెట్టారు.

"పనికిరావన్నవాళ్ళు ఇప్పుడొచ్చి చూడాలి భంతే," అన్నాడు ప్రభుదాసు.

భంతే చిరిగిన కాషాయ చీవరానికి కుట్టు వేసుకుంటున్నారు. "బాగుంది," అని సూదిలోకి దారం ఎక్కించుకున్నారు.

ఆరోది కిటికీ పక్కన ఉండేది. అది సువార్తమ్మ టీచరుది.

సువార్తమ్మ గుట్ట కింద ఎలిమెంటరీ బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. నీటికాసులతో రెండు కళ్ళూ పోయాయి. కంప్యూటరు పైకి చదివి వినిపిస్తుంటే వేళ్ళ గుర్తు మీద టైపు చేయడం నేర్చుకున్నారు. పల్లెల్లో ఎవరైనా పోతే ఇంటివాళ్ళు పైకి వచ్చి ఆవిడ పక్కన కూర్చునేవారు. పోయినవాళ్ళు ఎవరు, ఏం పని చేశారు, ఏమంటే ఇష్టం, ఎవరితో తగువు పడ్డారు, అన్నీ అడిగి ఆవిడ ఒక్క పేజీ రాసేవారు. పున్నమి నాటి పొద్దున అందరూ హాల్లో కూర్చున్నాక ఆ పేజీని కంప్యూటరు పైకి చదివేది. బొంగురు గొంతు. ఒక్కో మాటా రాయి పెట్టినట్టు పలికేది. అలా పన్నెండేళ్ళలో మూడు వందల పన్నెండు పేజీలయ్యాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. ఆ మనుషుల గురించి ఇంకెక్కడా ఒక్క అక్షరం లేదు.

ఆ వారం టీచరు నరసరావుపేటలో చెల్లెలింటికి వెళ్ళారు. వచ్చేసరికి కొత్తగా చేసి పెడితే సంతోషిస్తారనుకున్నాడు ప్రభుదాసు. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకున్నాడు. డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తాను, సరేనా అని అడిగింది ఇన్‌స్టాలేషను. సరే అని నొక్కాడు. కొత్త ఓఎస్ ఎక్కింది. ఫైళ్ళను తిరిగి అందులో పెట్టి, పెన్‌డ్రైవు ఖాళీ చేశాడు.

అప్పుడు తెరిచి చూశాడు. తెర నిండా పిచ్చి గీతలు.

టీచరు రాసింది పాతరకం తెలుగులో. అప్పట్లో ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలకు ఒక్కో పద్ధతి పెట్టుకునేది. ఆ పద్ధతి కొత్త ఓఎస్‌కు తెలియదు. ప్రభుదాసు కంగారుపడలేదు. పాత తెలుగును కొత్త తెలుగులోకి మార్చే ప్రోగ్రాం ఒకటి నెట్‌లో దొరికింది. నడిపించాడు. నిమిషంలో మూడు వందల పన్నెండు పేజీలూ తెలుగులోకి వచ్చేశాయి. ఒత్తులు మాత్రం చాలాచోట్ల రాలిపోయాయి. తీరిగ్గా సరిచేద్దాంలే అనుకున్నాడు.

టీచరు పున్నమికి ముందురోజు వచ్చారు. ప్రభుదాసు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, "వినండి టీచరుగారూ, గొంతు ఎంత బాగుందో," అన్నాడు.

బాగుంది. తియ్యటి ఆడగొంతు. ఆ నెల రాసిన పేజీ చదివింది. రెండు వాక్యాలు విని టీచరు చెయ్యెత్తి ఆపారు.

"బ్రహ్మయ్య పేరేదీ నాయనా?"

"మార్చేటప్పుడు ఒత్తులు కొన్ని పోయాయండీ. తెలుస్తూనే ఉంది కదా."

"పాతది మళ్ళీ పెట్టగలవా?"

"ఆ పాత ప్రోగ్రాం ఎక్కించాలంటే కంపెనీ ఇచ్చిన నంబరుండాలి టీచరుగారూ. అది పాత డిస్కులోనే పోయింది. ఆ కంపెనీ కూడా మూతపడింది."

టీచరు కీబోర్డు మీది వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "సరే," అన్నారు.

ఆ 'సరే' ప్రభుదాసుకు నచ్చలేదు. అంత పని చేస్తే ఒక్క మంచిమాట లేదు. తిన్నగా భంతే దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క ఫైలు పోలేదు భంతే. నూటికి తొంభై పాళ్ళు సరిగ్గానే వచ్చాయి. మనిషి చదివితే అర్థమవుతుంది."

"అర్థమవుతుందా?"

"అవుతుందండీ."

"అయితే రేపు పెట్టె చదవొద్దు. నువ్వే చదువు."

పున్నమి పొద్దున హాలు నిండింది. ఆ నెల పోయినవాడు చుక్కా బ్రహ్మయ్య. రేవులో బల్లకట్టు నడిపినవాడు. ఏటికి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా వచ్చారు. ముందు వరసలో ఆయన భార్య నాగరత్నం గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుంది. ఆమె చదువుకోలేదు. భర్త పేరు నలుగురిలో చదవగా వినడం ఆమెకు ఇదే మొదలు.

ప్రభుదాసు తెర ముందు నిలబడ్డాడు. మనసులోనే దిద్దుకుని చదువుదామనుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువు," అన్నారు వెనక నుంచి భంతే, మెల్లగా.

ప్రభుదాసు తిరిగి చూశాడు. భంతే కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"చుకా బహయ," అని చదివాడు. "బలకటు మీద ముపై ఏళు తాడు పటాడు."

ఎవరూ నవ్వలేదు. అదే కష్టమయింది. నాగరత్నం మెడ ముందుకు సాచి వింటోంది. తనకు సరిగ్గా వినపడలేదేమోనని చెవి దగ్గర కొంగు తొలగించుకుంది.

"ఎవరి గురించయ్యా సదువుతున్నావు?" అంది.

ప్రభుదాసు తెర మీద ఆ పేరు కోసం మళ్ళీ చూశాడు. సువార్తమ్మ తన చోటనుంచే, "చుక్కా బ్రహ్మయ్య," అన్నారు. వెనక ఎవరో ఆ పేరే మళ్ళీ అన్నారు. తరవాత హాలంతా అంది. నాగరత్నం ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భంతే ఆ రోజు ప్రభుదాసును ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు.

ప్రభుదాసు మూడు రోజులు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. పాత ఫైళ్ళు తీసి సరైన పద్ధతిలో మళ్ళీ మారుద్దామని చూస్తే, ఆ ప్రోగ్రాం పాతవాటి మీదే కొత్తవి రాసేసిందని అప్పుడు తెలిసింది. పెన్‌డ్రైవులో ఏమీ లేదు. ఒత్తు ఎక్కడుండేదో ఊహించి పెట్టే ప్రోగ్రాం తనే రాయడం మొదలుపెట్టాడు. 'ఏళు' అంటే ఏళ్ళు. 'పటాడు' అంటే పట్టాడు. అంతవరకు బాగానే వచ్చింది. ఆ తరవాత ఒక పేజీలో 'పాపమ' అని ఉంది. ఆమె పాపమ్మేనా, ఇంకెవరైనా అయ్యుంటుందా? ఇంకో పేజీలో 'లచయ'. లచ్చయ్య కావచ్చు. అతన్ని ఇంట్లో అలా పిలిచేవారో లేదో. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, ముద్దుపేర్లు. సువార్తమ్మను అడిగితే కొన్ని చెప్పారు. కొన్నింటికి తల అడ్డంగా ఊపారు. అన్నీ ఆవిడకు మాత్రం ఎక్కడ గుర్తుంటాయి?

నాలుగో రోజు పొద్దున భంతే దగ్గరికి వచ్చాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"మాటలకైతే నిఘంటువుంది భంతే," అన్నాడు. "పేర్లకు లేదు."

భంతే వింటున్నారు.

"ఒక్క ఫైలూ పోలేదన్నాను. పోయాయి. నేనే పోగొట్టాను." కళ్ళు నులుముకున్నాడు. "ఇంకో పది రోజులు కూర్చుంటే నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు తేగలను. మిగతావి యంత్రం ఊహిస్తుంది. కూర్చోమంటారా?"

భంతే లేచారు. మూలనున్న గొడుగు తీసుకున్నారు. గడప దగ్గర చెప్పులు వేసుకుని వెనక్కి చూశారు.

"నోటు పుస్తకం తెచ్చుకో. ఎండెక్కకముందు పోదాం."

ఇద్దరూ గుట్ట దిగారు. నాగరత్నం ఇల్లు రేవుకు వెళ్ళే దారిలో ఉంది. ఆమె పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. భంతేను చూసి లేవబోతే ఆయన వద్దని చెయ్యూపి, పంచ చివర కూర్చున్నారు. ప్రభుదాసు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, బ్రహ్మయ్యగారి గురించి మళ్ళీ చెబుతారా? మొదటినుంచి."

"టీచరమ్మకి అంతా చెప్పాగా."

"ఆవిడ రాశారమ్మా. నేను పాడు చేశాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. భంతే వైపు చూసింది. ఆయన ఏటివైపు చూస్తున్నారు. చింతపండు చేట పక్కకు జరిపింది.

అప్పుడు చెప్పింది. ఆయన తాడు పట్టి పట్టి అరచేతులు కాయలు కాసి అన్నం వేడి తెలిసేది కాదని చెప్పింది. వరదొచ్చిన ఏడాది నిండు చూలాలిని దాటిస్తుంటే ఏటి మధ్యలోనే కాన్పయిందని, ఆయన అటు తిరిగి నిలబడి తాడు వదలకుండా గట్టుకు చేర్చాడని చెప్పింది. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదని, మూడో రోజు రేగుపళ్ళు తెచ్చి గడపలో పెట్టేవాడని చెప్పింది. ప్రభుదాసు రాస్తున్నాడు. పేరు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎలా పలుకుతారో అడిగి రాసుకున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది.

"ఆయనకి ఈత రాదయ్యా. ముప్పై ఏళ్ళు ఏటి మీదే బతికాడు. ఈత రాదు. నాకొక్కదానికే తెలుసు. టీచరమ్మకి చెప్పలా."

ప్రభుదాసు కలం ఆగింది. "రాయమంటారా?"

ఆమె ఆలోచించింది. "రాయి. ఇప్పుడేం సిగ్గు."

రాశాడు. అంతా అయ్యాక మొదటినుంచి పైకి చదివాడు, ఒక్కో మాటా నిదానంగా. ఆమె మధ్యలో రెండుచోట్ల దిద్దింది. చదవడం అయ్యాక లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

సందులోకి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ఒక్క పేజీకి పూట గడిచిపోయింది. ప్రభుదాసు నోటు పుస్తకం మూసి చేత్తో పట్టుకుని నడిచాడు. కొంతదూరం పోయాక ఆగాడు.

"ఇంకా మూడు వందల పదకొండు మంది ఉన్నారు భంతే. కొందరి ఇళ్ళు మూతపడ్డాయి. కొందరు వలస పోయారు. ఎప్పటికవుతుంది?"

భంతే గొడుగు విప్పి అతని తల మీదికి కూడా వచ్చేలా పట్టుకున్నారు.

"ఈ పక్కిల్లు ఎవరిది?" అన్నారు.