దాలమ్మ ఉతికిన మూడు చొక్కాలు

అనగా అనగా, సముద్రానికింకా ఉప్పు సరిగ్గా పట్టని కాలంలో, నీళ్ళకవతల తగరం దొరికే ఒక రేవు ఉండేది. మన తీరాన ఓడెక్కితే ముప్పై పగళ్ళ ప్రయాణం. ముప్పై పగళ్ళూ నీళ్ళే. దిగేసరికి ఎక్కినవాళ్ళందరికీ గడ్డాలు మోకాళ్ళ దాకా వచ్చేవి. ఆడవాళ్ళకి కూడా.

అలాంటి ఓడలో దాలమ్మ ఆ రేవుకి చేరింది. వంశధార ఒడ్డు మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, అక్షరం ముక్క రాదు. వెంట తెచ్చుకున్నవి రెండే రెండు, ఆ రెండూ ఆమె చేతులే. రేవు పక్కన ఏరు మలుపు తిరిగే చోట ఒక నల్ల బండ చూసుకుంది. ఆ బండ మీద ఊరివాళ్ళ బట్టలు ఉతకడం మొదలుపెట్టింది.

ఉతకడమంటే అలాంటిలాంటి ఉతకడం కాదు. ఆమె గుడ్డ పైకెత్తితే సగం ఏటికి నీడ పడేది. కిందికి దించితే అవతలి ఒడ్డున చేపలు ఎగిరి, వాటంతటవే బెస్తవాళ్ళ గంపల్లో పడేవి. గుడ్డ ఎత్తేది, ఊపిరి పీల్చేది. గుడ్డ దించేది, "హఁ" అనేది. ఎత్తేది, పీల్చేది, దించేది, "హఁ". పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అదే.

ఆ రేవులో నూటికి తొంభైమంది చీనావాళ్ళు. సముద్రానికి ఆ వైపు నుంచి వాళ్ళొచ్చారు, ఈ వైపు నుంచి దాలమ్మ వచ్చింది. అందరూ వచ్చింది కూటి కోసమే. మగవాళ్ళు తగరపు గనిలోకి దిగేవాళ్ళు. గనిమట్టి ఎర్రగా, జిగురుగా ఉండేది. దాలమ్మ ఆ మట్టి వదిలించి, బట్టలు ఆరేసి, మడతపెట్టి, గుడిసె ముందు బల్ల మీద వరసగా పెట్టేది. సాయంత్రం ఎవరి బట్టలు వాళ్ళొచ్చి పట్టుకుపోయేవాళ్ళు.

మూడుసార్లు మాత్రం అలా జరగలేదు. మూడుసార్లు మూడు చొక్కాలు బల్ల మీదే ఉండిపోయాయి. ఒకటి నీలం, ఒకటి తెలుపు, ఒకటి మోచేతి దగ్గర మాసిక వేసింది. మూడూ ఎనిమిదేళ్ళ పిల్లల కొలతవి. గనిలో సొరంగాలు సన్నం. పెద్దవాళ్ళు పట్టని చోటికి పిల్లల్ని పంపేవాళ్ళు.

ఎవరూ రాలేదేమని దాలమ్మ ఎవరినీ అడగలేదు. ఆమెకి తెలుసు. వేసుకునేవాళ్ళు లేని చొక్కాలు మాయవు కదా, అయినా వారం వారం వాటిని మళ్ళీ ఉతికేది. ఆరేసేది. మడతపెట్టి బల్ల మీద పెట్టేది.

ఇంతవరకు చెప్పినదాంట్లో గడ్డాలూ చేపలూ నేను కాస్త పెంచి ఉండొచ్చు. చొక్కాలు మాత్రం మూడే.

ఆ రేవుకొక దొర ఉండేవాడు. రేవూ ఆయనదే, గనీ ఆయనదే, గని పక్కన ఆకుల కప్పు బడీ ఆయనదే. బడిలో పన్నెండుమంది చీనా పిల్లలు, ఒక మేస్టారు. మేస్టారు పేరు లాజరు. మన కాకినాడ వైపువాడే. కోపం అనేది దేవుడు ఆయన ఒంట్లో పెట్టడం మర్చిపోయాడు. ఇంగ్లీషు చెప్పేవాడు.

ఒకనాడు దొర బడికొచ్చి షరతు పెట్టాడు.

"ఈసారి వానలొచ్చి తగ్గగానే వస్తాను. వీళ్ళు నా ముందు ఇంగ్లీషు సరిగ్గా పలికితే బడి ఉంటుంది. పెద్దయ్యాక కచేరీలో రాతపనికి తీసుకుంటాను. పలకలేదో, ఈ బడిలో తగరం దిమ్మెలు పేరుస్తాను. వీళ్ళు గనిలోకి దిగుతారు."

పిల్లలు అక్షరాలన్నీ నేర్చారు. పెద్ద మాటలు కూడా నేర్చారు. రానివి ఐదే, ఇంగ్లీషులో పుట్టగానే తెగిపోయే ఐదు పొట్టి శబ్దాలు. పిన్ను అనమంటే "పీ" అని సాగేది. పెన్ను అనమంటే "పే" అని సాగేది. కప్పు అనమంటే "కా" అని సాగేది. మిగతా రెండూ అంతే.

లాజరు మేస్టారు మొదట నూరుసార్లు వల్లె వేయించాడు. రాలేదు. తర్వాత నాలుక కింద చింతగింజ పెట్టించాడు. రాలేదు. మూడోసారి దగ్గర కూర్చోబెట్టుకుని, "మెల్లిగా నాన్నా, మెల్లిగా తల్లీ" అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. మెల్లిగా అన్నకొద్దీ ఇంకా సాగింది. పొద్దున్న "పీ" మొదలెడితే గంజి వేళకి "న్" వచ్చేది. ఆ మధ్యలో ఆ శబ్దం మీద పిచ్చుకలు వాలి, గూడు కట్టి, పిల్లల్ని కూడా పెట్టేవి.

పిల్లల తప్పేం లేదు. వాళ్ళ ఇంటి భాషలో ప్రతి మాటకీ రాగం ఉంది. ఎక్కే రాగం, దిగే రాగం, వంగి లేచే రాగం. రాగం ఎక్కి దిగాలంటే చోటు కావాలి. ఆ పొట్టి శబ్దాల్లో చోటు లేదు.

ఒకరోజు మేస్టారి పంచెలు ఇవ్వడానికి దాలమ్మ బడికొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి బాబూ ఆ కేకలు? అందరికీ ఒక్కసారే పంటిపోటొచ్చిందేటి?"

"పంటిపోటు కాదు దాలమ్మా, పాఠం."

"ఇది పాటమా! నాను పీనుగు లేచిందనుకున్నాను."

"నవ్వకు దాలమ్మా. వానలు తగ్గితే దొర వస్తాడు. ఈ ఐదు శబ్దాలూ రాకపోతే వీళ్ళంతా గనిలోకే."

దాలమ్మ నవ్వు అక్కడే ఆగింది. పన్నెండుమంది భుజాల వైపూ చూసింది. చొక్కా కొలత ఆమెకి చూపుతోనే తెలుస్తుంది. పన్నెండూ ఆ మూడింటి కొలతే.

"ఆ సెబ్దాలేటో ఓపాలి నాకు ఇనిపించండి బాబూ."

మేస్టారు వినిపించాడు. ఒకసారి వింది. రెండోసారి కళ్ళు మూసుకుని వింది. మూడోసారి ఆయన పెదాలు వదిలేసి ఆయన పొట్ట వైపు చూస్తూ వింది.

"ఇంతేనా! ఇంత పొట్టి ఊపిరి నాను బండ మీద రోజుకి లచ్చసార్లు ఒగ్గుతాను."

"నీకు అక్షరం రాదు కదా."

"అచ్చరం మీ కాడుంది బాబూ, ఊపిరి నా కాడుంది. పిల్లల్ని ఏటికి పంపండి."

మర్నాడు పన్నెండుమందీ ఏటి మలుపు దగ్గర నిలబడ్డారు. రేవులో ఎన్నో ఏళ్ళుంది కాబట్టి దాలమ్మకి వాళ్ళ మాటలు వచ్చు, వాళ్ళకి ఆమె మాటలు వచ్చు. తలా ఒక తడిగుడ్డ ఇచ్చింది.

"ఎత్తండి. పీల్చండి. దించండి. దెబ్బతో పాటే సెబ్దం ఒగ్గేయండి, ఒదిలేయండి."

ముందు నిలబడింది బీ లియాన్ అనే పిల్ల. అందరిలోకీ చిన్నది, గుప్పెడంత ఉంటుంది, నోరు మాత్రం ఊరంత. గుడ్డ ఎత్తింది. దించింది. "పీ..." అంటూనే ఉంది.

"ఓలె గుంటా! గుడ్డ కిందికొచ్చేసింది, నీ గొంతింకా మేడ మీదే ఉందేటి? దిగమను!"

పిల్లలు పడీపడీ నవ్వారు. బీ లియాన్ మూతి ముడిచింది.

"రాగం తీసేస్తే మాట చచ్చిపోతుందని మా అమ్మమ్మ అంటుంది."

దాలమ్మ గుడ్డ పక్కన పెట్టింది. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"మీ అమ్మమ్మ సెప్పింది నిజమే తల్లీ. ఇంటి మాటకి రాగం ఉంచుకో. ఎవులికీ ఇచ్చీకు. ఇది పని మాట. పని మాట దెబ్బలా ఉండాల. దెబ్బ పడ్డాక నోట్లో ఊపిరి మిగల్చకు. మిగిలిస్తే రెండో దెబ్బకి చెయ్యి లేవదు."

బీ లియాన్ మళ్ళీ ఎత్తింది, పీల్చింది, దించింది.

"పిన్!"

ఆ శబ్దం ఎంత పొట్టిదంటే, చెవి దాకా రాకముందే అయిపోయింది. ఏటి మీద కొంగలు ఏమైందా అని వెనక్కి తిరిగి చూశాయి.

అప్పట్నుంచి రోజూ అదే బడి. ఎత్తేవాళ్ళు, పీల్చేవాళ్ళు, దించేవాళ్ళు. ఊళ్ళో మాసిన బట్ట అన్నది లేకుండా పోయింది. ఉతికినవే మళ్ళీ ఉతికారు. కొందరి లుంగీలు ఉతికి ఉతికి సాలెగూడంత పల్చబడ్డాయి. అయినా ఎవరూ ఏమనలేదు. అందరికీ తెలుసు ఆ దెబ్బలు దేనికో.

ఇంతలో వానలొచ్చాయి. కొబ్బరికాయంత చినుకులు. ఏరు ఉబ్బింది. పిల్లల్ని గట్టు మీద, బండ పైకొసన నిలబెట్టి, నీళ్ళు వాళ్ళని లాక్కుపోకుండా దాలమ్మ బండకి దిగువన నడుం లోతు నీళ్ళలో నిలబడేది.

"పైకి రా దాలమ్మా, జ్వరమొస్తుంది" అన్నాడు మేస్టారు.

"ఇంకా రెండు రావాలి బాబూ."

రెండో వారం మళ్ళీ అన్నాడు.

"ఇంకొకటి రావాలి బాబూ."

మూడో వారం అన్నప్పటికి ఐదో శబ్దం కూడా వచ్చేసింది. దాలమ్మ పైకొచ్చింది. జ్వరం ఆమెతో పాటే పైకొచ్చింది.

తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. ఒంటి మీద తడిగుడ్డ వేస్తే తీసేలోపే ఆరిపోయేది. ఇది పెంచి చెప్పడం కాదు. వానలు తెరిపిచ్చిన మధ్యాహ్నం, పన్నెండుమందీ చుట్టూ ఉండగా, దాలమ్మ బీ లియాన్ చెయ్యి పట్టుకుంది.

"గుంటా, ఆ బల్ల మీద సొక్కాలు..."

"ఉతకాలా అవ్వా?"

"ఉతకాల. ఎవులూ రాపోయినా ఉతకాల. ఎవులైనా వత్తే మాసిన సొక్కా ఇచ్చీసినట్టు ఉండకూడదు."

పెద్ద ఊపిరి పీల్చింది. వదిలింది. అది చాలా పొట్టిది.

ఆమె పోయిన మూడు రోజులకి దొర వచ్చాడు. ఆ పొద్దున్నే పిల్లలు మూడు చొక్కాలూ ఉతికి బడి ముందు తాడు మీద ఆరేశారు. దొర కుర్చీలో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చదవండి."

పన్నెండుమందీ నిలబడ్డారు. చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. గొంతులో ఏడుపుంది. ఏడుపు ఏ శబ్దాన్నైనా సాగదీస్తుంది. "పీ..." అన్నారు. "పే..." అన్నారు. "కా..." అన్నారు. లాజరు మేస్టారు తల వంచుకున్నాడు. దొర టోపీ పెట్టుకుని లేచాడు.

"మేస్టారూ, సోమవారం తగరం దిమ్మెలు వస్తాయి. బల్లలు తీయించండి."

అప్పుడు బీ లియాన్ బయటికి పరుగెత్తింది. తాడు మీద నీలం చొక్కా లాగింది. ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది. గుమ్మం రాతి ముందు నిలబడి ఎత్తింది, పీల్చింది, దించింది.

"పిన్!"

దొర తెల్లకోటు మీద నీళ్ళు చిట్లాయి. ఇంకో పిల్లాడు తెల్లచొక్కా తెచ్చాడు.

"పెన్!"

మూడో పిల్ల మాసిక చొక్కా తెచ్చింది.

"కప్!"

ఆ తర్వాత ఆ మూడు చొక్కాలూ చేయి మార్చుకుంటూ పన్నెండుమందీ వరసగా కొట్టారు. ఐదు శబ్దాలూ అన్నారు. ఒక్కటీ సాగలేదు. ఒక్కరూ ఏడవలేదు. గుమ్మం రాయి పగిలిందని ఊళ్ళో అంటారు. పగల్లేదు, నెర్రె ఇచ్చింది.

దొర కోటు దులుపుకున్నాడు.

"బాగానే ఉంది. ఇవి ఎవరి చొక్కాలు?"

బీ లియాన్ చెప్పింది. రాగం లేకుండా, పొట్టిగా చెప్పింది.

"మీ గనిలోకి దిగినవాళ్ళవి. తీసుకుపోవడానికి రాలేదు."

దొర ఆ చొక్కాలు చూశాడు. పిల్లల భుజాలు చూశాడు. కొలత ఆయనకీ తెలిసినట్టుంది. ఏడ్చాడని కొందరు చెబుతారు. నేను చాలా కల్పిస్తాను గానీ అది కల్పించను. ఏడవలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని గుర్రమెక్కాడు. సోమవారం దిమ్మెలు రాలేదు. ఆ తర్వాత ఆ కొలత చొక్కా ఒక్కటి కూడా గనిమట్టితో ఉతకడానికి ఏటికి రాలేదు.

గని ఎప్పుడో పూడిపోయింది. నల్ల బండ ఉంది. దాన్ని దాలవ్వ బండ అంటారు. ఆ రేవులో ఇప్పటికీ ఏ పిల్లాడైనా ఇంగ్లీషు పాఠంలో శబ్దం సాగదీస్తే, చీనా పంతులమ్మ బల్ల మీద తడిగుడ్డతో ఒక్కటి వేసి "ఒగ్గేయ్!" అంటుంది. అది ఏ భాష మాటో ఆమెకి తెలియదు. వాళ్ళమ్మ అనేది, అమ్మమ్మ అనేది.

ఏటా బడి తెరిచే రోజున పిల్లలందరూ బండ దగ్గరికి పోతారు. మూడు చొక్కాలు ఉతుకుతారు. ఒకటి నీలం, ఒకటి తెలుపు. పాతబడి చిరిగితే అదే కొలతకి కొత్తవి కుట్టిస్తారు. మూడోదానికి చిరగకపోయినా మోచేతి దగ్గర మాసిక వేస్తారు.

ఆరేస్తారు. మడతపెడతారు. బల్ల మీద పెడతారు. పొద్దు గుంకేదాకా పక్కన ఒకరు కూర్చుంటారు, ఎవరైనా వస్తే చేతికివ్వాలని.

కథ ఉతికాను, ఆరేశాను, మడతపెట్టాను. ఇక మీ బల్ల మీద పెడుతున్నాను.