మడమ కట్టని జత

అప్పలసూరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీల గురించిన ప్రశ్న గదిలో అడిగితే జవాబు చెప్పరు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో మంచు మీద గడిపి, విరమణ తర్వాత సొంతూరు ఆమదాలవలస వెళ్ళకుండా హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల్లోనే చిన్న శిక్షణ శిబిరం పెట్టుకున్న మనిషి. ఆయనతో కలిపి అక్కడ తెలుగువాళ్ళం ముగ్గురమే. నేనూ, కాకినాడ నుంచి వచ్చిన విదులా ఆయన శిష్యులం.

ఆ రోజు ఉదయం విదుల చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే అడిగేసింది.

"మాస్టారూ, సన్న జత ఎక్కడానికి హాయిగా ఉంటుంది, మెత్తటి మంచులోకి రాగానే మునిగిపోతుంది. వెడల్పు జత తేలుతుంది, ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుంది. గట్టి మంచు మీద రెండింటినీ నమ్మలేం. అన్నిటికీ ఒక్క జతే తీసుకెళ్ళాలంటే ఏది మంచిది?"

ఆ ప్రశ్న వెనక కొంత చరిత్ర ఉంది. పోయిన నెల ఆమె రెండు జతలూ కొనేసింది. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున నూగు పట్టీలు అంటిస్తాం. అవి ఏ జతకి ఆ జత కొలత చూసి కత్తిరించాలి. ఈవిడ ఒక్క సెట్టే కొని, సన్న జతకి కత్తిరించి, వాటినే వెడల్పు జతకీ అంటించుకుని వాలు ఎక్కబోయింది. అంచులు బోసిగా ఉండిపోయి నలభై అడుగులు వెనక్కి జారి నా మీద పడింది. నా మోకాలు ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

మర్నాడు కనుమ దాటే యాత్ర బయలుదేరుతోంది. దళం నాయకుడు బిష్ట్ జాబితాలో విదుల పేరు చివర, పెన్సిల్‌తో రాసి ఉంది. మిగతా అందరూ దిగేటప్పుడు మడమని స్కీకి బిగించుకునేవాళ్ళే. విదుల నేర్చుకున్నది టెలిమార్క్. అందులో బూటు ముందు భాగమే స్కీకి పట్టి ఉంటుంది, మడమ ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది, ప్రతి మలుపులోనూ మోకాలు వంచాలి. మూడు చలికాలాలు ఆమె దానికే ధారపోసింది. బిష్ట్ దృష్టిలో అది పాతకాలపు వేషం. ఆ రోజు పెద్ద వాలు మీద దిగి చూపిస్తే తప్ప పేరు ఖాయం చెయ్యనన్నాడు.

"ఆ ముక్క కొండ మీద అడుగమ్మా," అన్నారు మాస్టారు. గోడకి ఉన్న తన పాత జత తీసి, బూటుని పట్టి ఉంచే కట్లు ఆమె కొలతకి సరిచేసి, పట్టీలతో సహా చేతికిచ్చారు. అది సన్నమూ కాదు, వెడల్పూ కాదు.

విదుల తిప్పి తిప్పి చూసింది. "ఇది దేనికీ గొప్పది కాదు కదా మాస్టారూ."

"కాదమ్మా. దేనికీ గొప్పది కాదు."

వాలు పైభాగమంతా గాలికి గట్టిపడి గాజులా ఉంది. విదుల నాలుగో మలుపులో పడింది. బిష్ట్ కింద నుంచి అరిచాడు. "మడమ కట్టుకుని ఉంటే పడేదానివి కాదు. దిగొచ్చెయ్, చూసింది చాలు." ఆమె దిగలేదు. అక్కడే కూర్చుని పట్టీలు అంటించుకుని పైకి నడిచింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే చోట పడింది. బిష్ట్ గడియారం చూసుకున్నాడు. ఆమె మళ్ళీ పట్టీలు అంటించుకుని పైకెళ్ళింది. మూడోసారి స్కీలు గడగడలాడుతున్నా ఆ చోటు దాటింది. గట్టి మంచు దాటి, పెళుసు పొర దాటి, అడుగున మెత్తటి మంచులో మోకాలు వంచుతూ మా ముందుకొచ్చి ఆగింది.

బిష్ట్ చెడ్డవాడు కాదు. "మడమ బిగించే జత నా దగ్గర ఇంకొకటుంది. అది వేసుకుంటే రేపు రావచ్చు," అన్నాడు.

"ఈ జతతోనే వస్తాను."

"అయితే పేరు కొట్టేస్తాను."

"కొట్టెయ్యండి. మడమ కట్టించుకుని నేను రాను. మీ దళం లేకపోతే కనుమ మూసుకుపోదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు తొణకలేదు.

బిష్ట్ జేబులోంచి కాగితం తీసి పేరు కొట్టేశాడు. విదుల చూసింది. చూసి, వంగి, మంచు దులిపి పట్టీలు మళ్ళీ అంటించుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు బిష్ట్ ఆశ్చర్యపోయి.

"పైకి. ఈ వాలు నన్ను రెండుసార్లు పడేసింది. నేను నిలబడి దిగింది ఒక్కసారే."

ఆమె సగం వాలు ఎక్కేదాకా నేను కోపం పట్టుకుని నిలబడ్డాను. ఇక ఆగలేక, "మీరు ఒక్క మాట చెబితే బిష్ట్ వినేవాడు కదా మాస్టారూ! ఆమె అడిగినదానికైనా జవాబు చెప్పారు కాదు," అన్నాను.

మాస్టారు పైకి చూస్తూనే ఉన్నారు.

"పొద్దున్న ఏ జత మంచిదని అడిగింది. ఇప్పుడేటైనా అడుగుతందా?"