మూడు ఆకుల పొట్లం

అనగనగా ఒక అడవిలో గిలక అనే ఉడుత ఉండేది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున కాకి గుడ్డు పెట్టిందంటే, సాయంత్రానికి అడవంతా తెలిసిపోవాల్సిందే!

ఆ అడవిలోనే ఒక కుందేలమ్మ ఉండేది. ఆమె వాసన పట్టి నక్క రోజూ వెంటపడేది. అందుకని ఆమె పిల్లల్ని దూరంగా దాచింది. పాపం, చూడటానికైనా వెళ్ళేది కాదు. లేత గరిక మాత్రం రోజూ పంపేది.

పొట్లం కట్టేది, మోసేవాళ్ళని ఎంచేది గోరువంక. ఎవరికి ఎండ పడదో, ఎవరు ఎంతదూరం పోగలరో దానికి తెలుసు. ఒకే చెట్టు మీదివాళ్ళని ఒకే దారిలో పెట్టేది కాదు. పొట్లానికి ఒకదాని మీద ఒకటి మూడు మోదుగాకులు చుట్టి, ఒక్కో ఆకు మీద ఒక్కో చోటు గుర్తు గీసేది. తాబేలు పై ఆకు విప్పి, ఆ చోట పొట్లం పెట్టి వచ్చేసేది. అక్కణ్ణుంచి రెండో ఆకు గిలకది. మూడోది పాలపిట్టది. ఎవరి ఆకు వాళ్ళే విప్పుతామని అందరూ మాటిచ్చారు.

ఒకరోజు గిలక అలిగింది. “మోసేది నేను. ఎవరికో నాకు చెప్పవా అత్తా?”

“తెలియకపోతేనే నీకు మంచిది పిల్లా,” అంది గోరువంక.

గిలకకి ఒళ్ళు మండింది. దారిలో మూడో ఆకు మీద గోరు పెట్టింది. లాగబోయి ఆగింది. ‘నా ఆకు కాదు కదా. మాటిచ్చాను’ అనుకుని ఉసూరుమంది. పొట్లాన్ని చింతతొర్రలో పెట్టి వెనక్కి తిరిగింది.

దారిలో నక్క టక్కున పట్టేసుకుంది! “నీ కాళ్ళకి కుందేలు వాసన వస్తోంది. పిల్లలెక్కడ తల్లీ?” అని ముద్దుగా అడిగింది.

“నాకు తెలీదు మామా!”

“బాదంకాయలు ఇస్తా, చెప్పు.”

“తెలీదు మామా!”

ఈసారి నక్క పళ్ళు చూపించింది. గిలక తెలిసిందంతా కక్కేసింది. “చింతతొర్రలో పొట్లం పెట్టాను. అంతే తెలుసు!”

నక్క దాన్ని వదిలి తొర్ర దగ్గరికి పరుగెత్తింది. తొర్ర ఖాళీ. పాలపిట్ట అప్పటికే ఎగిరిపోయింది.

గిలక ఏడుస్తూ గోరువంక దగ్గరికి వచ్చింది. “అత్తా, అంతా చెప్పేశాను!”

“ఎంతవరకు చెప్పావు?”

“తొర్ర వరకు.”

“మూడో ఆకు విప్పి ఉంటే?”

గిలక కళ్ళు తుడుచుకుంది. “అదీ చెప్పేసేదాన్ని అత్తా!”

గోరువంక నవ్వి దాని వీపు నిమిరింది. మర్నాడే దారి మార్చేసింది. మధ్య ఆకు మాత్రం మళ్ళీ గిలకకే ఇచ్చింది. గిలక సంతోషంగా తోక ఎగరేసింది, ఈసారి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎక్కడో ఒక పొదలో కుందేలు పిల్లలు కరకరా గరిక నమిలాయి.

నీతి: మనది కాని గుట్టు విప్పకుండా ఉంటే, మనల్ని నమ్ముకున్నవాళ్ళు చల్లగా ఉంటారు.