టైగరు ఒల్లనన్న పూట

పైడయ్యగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడు విసిగి ఊరుకుంటే ఆ ప్రశ్నలో పస లేదని ఆయన లెక్క. శిష్యుడు కూర్మారావు విసిగే రకం కాదు. మీసాలు రాకముందు చేరినవాడు, ఇప్పుడు కణతల దగ్గర జుట్టు నెరిసింది. వేదాంత పద్యాలన్నీ కంఠతా వచ్చు. గురువు కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు, ఏమన్నా చిత్తం అంటాడు. ఆ ఏడు శ్రావణమాసంలో పద్యాలకు అర్థం చెప్పడానికి అతన్ని పంపమని పొరుగూరివాళ్లు వచ్చి అడిగితే, గురువు ఇప్పుడే వద్దన్నారు. కూర్మారావుకు కష్టం తోచింది. ఈ వయసులో ఇది కూడా తప్పిపోతే తనను మళ్లీ ఎవరు పిలుస్తారన్న బెంగ పట్టుకుంది.

"మీ మాట ఎన్నడైనా జవదాటానా? నాలో లోటేమిటో సెలవియ్యండి" అని అడిగాడు.

పైడయ్యగారు వినపడనట్టే ఊరుకున్నారు.

ఆ వారంలోనే ఇంటికి ఒక కుక్క వచ్చింది. ఊరు మారిపోతున్న రైస్‌మిల్లు గుమాస్తా ఇచ్చిపోయాడు. పేరు టైగరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, పిల్లి ఎదురైనా గోడవారగా తప్పుకునేది. దీనంత మాట వినే కుక్క మరొకటి లేదని గుమాస్తా పొగిడాడు. అదంతా వెదురుకర్రతో నేర్పిన వినయం. ఎవరి గొంతు కాస్త లేచినా టైగరు ఉన్నచోటే నేలకు కరుచుకుని కళ్లు మూసుకునేది. కూర్మారావు దాని అణకువకు ముచ్చటపడ్డాడు.

ఒక ఉదయం వీధిలో లారీ వెనక్కి వస్తోంది. టైగరు దాని దారిలో ఉంది. గురువుగారి భార్య గౌరమ్మ కంగారుపడి, ఇలా రమ్మని గట్టిగా కేక పెట్టింది. కేక వినగానే టైగరు అలవాటు ప్రకారం చక్రాల ముందే బోర్లా పడుకుంది. కూర్మారావు దూకి దాన్ని బయటికి లాగాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. గౌరమ్మ అరుగు మీద కూలబడి ఏడ్చింది.

మర్నాటినుంచి ఆవిడ ఇంట్లో కర్రలన్నీ అటక ఎక్కించింది. చీపురు తలుపు చాటుకు పోయింది. పైడయ్యగారు సైతం పద్యాన్ని గొంతు తగ్గించి చదువుకోవలసి వచ్చింది. ఆవిడ రొట్టెముక్క పట్టుకుని పక్కకు తిరిగి కూర్చునేది. టైగరు తనంతట తాను ఇటు వస్తుంటే అప్పుడు మాత్రమే మెల్లగా పేరు పెట్టి పిలిచేది. మొదట దాని తోక కాళ్ల మధ్యనుంచి బయటికొచ్చింది. తరవాత గుమ్మానికి అడ్డంగా బారచాచి పడుకోవడం మొదలైంది. వచ్చేపోయే శిష్యులు దాన్ని దాటుకుని నడవాలి. కొన్నాళ్లకు పాలవాడి మీద మొరిగింది కూడా.

ఆషాఢం వెళ్లిపోతుండగా ఒకరోజు టైగరు పెరటి కంచె దగ్గర పందికొక్కు బొరియ తవ్వుతోంది. గౌరమ్మ పిలిచింది. అది తల తిప్పి ఆవిడను తేరిపార చూసింది. చూసి, మళ్లీ తవ్వుకోసాగింది. కూర్మారావుకు ఒళ్లు మండింది. మెడపట్టీ పట్టి ఈడ్చుకొద్దామని లేచాడు. పైడయ్యగారు చేయి అడ్డుపెట్టారు.

గౌరమ్మ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఒల్లనని అనడం నేర్సుకుంది. ఇంక పిలిస్తే వస్తాది, సూడు" అంది.

కాసేపటికి టైగరు మూతినిండా మట్టితో, తోక ఊపుకుంటూ వచ్చి ఆవిడ పాదం మీద గడ్డం ఆన్చింది. ఆ తరవాత దాన్ని ఎవరూ గట్టిగా పిలవవలసిన పని లేకపోయింది. వీధిలో ఎన్ని బళ్లు తిరుగుతున్నా, గౌరమ్మ మామూలు గొంతుతో పిలిస్తే తిన్నగా నడిచి వచ్చేది.

శ్రావణం దగ్గరపడింది. పొరుగూరివాళ్లు మళ్లీ కబురు పెట్టారు. ఆ సాయంత్రం కూర్మారావు గురువు కాళ్ల దగ్గర కూర్చుని, అడిగినదానికి జవాబు ఎప్పటికని బతిమాలాడు.

"లారీ ముందు పడుకున్ననాడు టైగరుదీ వినయమే కదా. దాన్ని బయటికి లాగింది నువ్వే" అన్నారు పైడయ్యగారు.

కూర్మారావు కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని, చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే వినయంగా, "అయితే ఇకమీదట మీ మాట కాదనడానికి సెలవిప్పిస్తారా?" అని అడిగాడు.

పైడయ్యగారు నిట్టూర్చి, "దానికీ నన్నే సెలవు అడుగుతున్నావా, నాయనా?" అన్నారు.