ఎర్రపుంజు పథ్యం

పెళ్లైన కుర్రాళ్లంతా ఇలా అరుగు మీదికి జరగండి. పిల్లల్ని ఇళ్లకు పంపేశాను, ఇది మీకు చెప్పాల్సిన కథ. నరసయ్యా, ఆ చుట్ట అవతల పారేసి కూర్చో.

ఒక కల్లుపాక వెనక పెరట్లో ఎర్రపుంజు ఉండేది. కుండల్లో మిగిలిన మడ్డి తాగేది, తాగినవాళ్లు పారేసిన బజ్జీముక్కలు మింగేది, పాక ముందు బల్బు ఆర్పేదాకా మేలుకునేది. ఎండెక్కాక కూసేది. దాని చుక్కలపెట్ట రెండుసార్లు పొదిగితే రెండుసార్లూ గుడ్లన్నీ మురిగిపోయాయి.

"ఏమయ్యా," అంది పెట్ట, "పక్క దిబ్బ మీద బూడిదపుంజును చూశావా? బక్కోడే, కానీ వాడి పెట్ట వెనక పదకొండు పిల్లలు. ఈసారీ ఇంతే అయితే నేనూ ఆ దిబ్బకే పోతా."

ఎర్రపుంజు ఒళ్లు మండింది. రోజంతా గోడెక్కి బూడిదపుంజునే చూసేది. అది దిబ్బ గీరితే కడుపుమంట, పెట్టను పిలిచి పురుగు పెడితే ఇంకా మంట. చివరికి కొట్టంలో ముసలెద్దు దగ్గరికి పోయింది.

"ఎద్దుమామా, వాడు చాటుగా ఏదో మందు తింటున్నాడు. అదేంటో నీకు తెలుసు."

ఎద్దు కాసేపు నెమరేసింది. మందేమీ లేదంటే వీడు నమ్మడనుకుంది.

"తెలుసు అల్లుడూ. ఇచ్చేది నేనే."

"అనుకున్నా. నాకు రెట్టింపు ఇవ్వు."

"రోజుకు ఒక్క మందుండ, అంతే. కానీ నలభై రోజులు పథ్యం. మడ్డి, బజ్జీ ముట్టకూడదు. చీకటి పడగానే గూటికి చేరాలి. తెల్లారకముందే లేచి దిబ్బ గీరి పురుగులు ఏరుకోవాలి. ఒక్కరోజు తప్పినా మందు విషమైపోతుంది."

"వాడూ ఇంత చేశాడా?"

"ఒక్కరోజూ తప్పలేదు."

"అయితే నేను రెండు దిబ్బలు గీరతా."

అసూయ చేయించని పనేముంది? బల్బు వెలుగుతుంటే ఎర్రపుంజు కళ్లు మూసుకుంది. మడ్డి వాసనొస్తే మొహం తిప్పుకుంది. రోజూ ఎద్దు ఇచ్చిన ఉండ మింగింది. నలభై రోజులకు తురాయి నిగనిగలాడింది, పెట్టతో పోట్లాటా తగ్గింది. పెట్ట మళ్లీ పొదిగింది. ఇరవైయొక్క రోజులకు తొమ్మిది పిల్లలు.

ఎర్రపుంజు గోడెక్కింది. "ఒరే బక్కోడా, నీ మందు గుట్టు నాకూ దొరికింది."

"మందేంటన్నా?" అంది బూడిదపుంజు తెల్లబోయి.

ఎర్రపుంజు ఎద్దువైపు తిరిగింది. "వాడికి ఇవ్వలేదా? మరి నేను తిన్నదేంటి?"

"తవుడు. నా కుడితిలోదే."

ఎర్రపుంజుకు తల కొట్టేసినట్టయింది. "ఇంత మోసమా. ఇక ఈ పూటనుంచే పాకకు పోతా."

"పోవయ్యా," అంది పెట్ట, పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుంటూ. "పక్క దిబ్బకు దారి నాకూ తెలుసు."

ఎర్రపుంజు గోడ దిగి, దిబ్బ గీరడం మొదలుపెట్టింది.

మందు పేరు ఏదైనా, మగాడిని నిలబెట్టేది పథ్యమే. ఇక లేవండి, ఇళ్లకు పోయి అన్నాలు చల్లారకముందే తినండి. నరసయ్యా, ఆ చుట్ట వెతక్కు.