గుమ్మిడివలస ఊఁకొట్టే తల్లి

నాగావళి దిగువన, గుమ్మిడివలస పొలాల నడుమ, గట్టు మీద మోకాలెత్తు రాయి ఒకటి పసుపు పూసుకుని ఉంటుంది. గోపురం లేదు, పూజారి లేడు. చూడవచ్చినవారు ‘ఇంతేనా!’ అనుకోవడం మామూలే. ఈమే ఊఁకొట్టే తల్లి.

పూర్వం ఇక్కడ, తెల్లదొరల ఏలుబడిలో, దేవర సన్యాసినాయుడు అనే రైతు ఉండేవాడు. సేద్యం మీద చిన్న చిన్న పుస్తకాలు రాసి, విశాఖపట్నంలో అచ్చు వేయించి, ఊరూరా ఊరకే పంచేవాడు. జనం వాటితో బెల్లం పొట్లాలు కట్టుకున్నారు. పుణ్యాత్ములు, ఒక్కరూ చదవలేదు!

ఒక ఏడు ఆయన తాను రాసినది తానే చేసి చూపదలచాడు. మడినిండా జనుము చల్లి, అది పూత పట్టగానే నాగలి పెట్టి దున్ని, ఎరువు కోసం నీటిలో మురగబెట్టాడు. పూసిన పైరును దున్నడమా! ఊరు భగ్గుమంది.

“పూత మీదున్నదాన్ని మట్టిలో తొక్కినోడి మడిలో మా ఆడోళ్లు కాలెడతారేటి?” అన్నారు పెద్దలు. వరినాట్లకు ఒక్కరూ రాలేదు. కడుపుతో ఉన్న భార్య అప్పలనరసమ్మ కూడా, ఆ పాపం బిడ్డకు తగులుతుందని హడలిపోయి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇక్కడ నారు ముదిరిపోతోంది. నాయుడు ఒక్కడే పొద్దస్తమానం వంగి నాటేవాడు. సాయంత్రం నడుం పట్టుకుని గట్టెక్కి, పలకరించే దిక్కులేక, తన పుస్తకం తీసి ఎడ్లకు చదివేవాడు. దున్నపోతు మీద వాన అంటారు గానీ, పాపం, ఆ ఎడ్లు చెవులు రిక్కించి వినేవి. అయినా ఎడ్లు ఊఁ కొట్టవు కదా! ఆ ఒక్క ఊఁ కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

ఒకనాడు వెనకనుంచి ‘ఊఁ’ అని వినిపించింది. తిరిగి చూస్తే గట్టు మీద రాయి. మహిమలు నమ్మవద్దని రాసిన మనిషాయన. అయినా పుట తిప్పి చదివాడు. మళ్లీ ‘ఊఁ’.

మర్నాటి వేకువనే ఆ రాతి తల్లి, పుట్టింట ఉన్న అప్పలనరసమ్మకు కలలో కనబడింది. “ఓలమ్మా, నీ మొగుడు ఎడ్లకి పుస్తకం సదువుతున్నాడే! ఎన్నాళ్లని నేనొక్కర్తినీ ఊఁ కొట్టను? నువ్వెళ్లు,” అని కసిరింది.

ఆమె కట్టుబట్టలతో బయలుదేరి, పొద్దువాలే వేళకు మడి చేరి, రాయి పక్కన కూలబడింది. “సదువు మావా, ఇంటాను,” అంది.

ఎడ్లకు గడగడా చదివిన నాయుడు ఆమె ఎదుట పుస్తకం ఒడిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు పొడుగునా ఆమె ఊఁ, ఊఁ అంటూనే ఉంది. రాయి మరి పలకలేదు.

మర్నాడు ఇద్దరూ మడిలోకి దిగారు. ఆ ఏడు వెన్నుల బరువుకు పైరు వాలింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఊరు మాత్రం ఆయన పోయాకగానీ జనుము చల్లలేదు.

నేటికీ ఏరువాక నాడు ఇక్కడికి కొబ్బరికాయలు తేరు. చెప్పుకొనే మాట ఉన్నవారు వచ్చి కూర్చుంటారు. పక్కనున్నవారు, ముక్కూమొహం తెలియకపోయినా, చివరిదాకా ఊఁ కొట్టాలి. మధ్యలో లేచిపోతే పైరు తాలుపోతుందని నమ్మకం. ఎవరూ లేని వారికి కూడా ఊఁ అనే మనిషిని ఆ తల్లి ఇచ్చుగాక.