మూడు వాక్యాల తేలు

ఆ సంస్థానంలో విశ్వవిద్యాలయం గడప తొక్కాలంటే ధర్మలింగం పంతులుగారి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. పుడుతూనే ఇంగ్లీషులో ఏడ్చినట్టు ఉండేది ఆయన వాలకం. పరీక్ష గదిలో ఒక్క తెలుగు ముక్క దొర్లినా బయటికి గెంటించేవాడు. కిందటేడు బల్లకున్న మేకు గీరుకుని "అమ్మో" అన్నందుకు, తట్టలల్లుకునే నూకాలును అలాగే గెంటించాడు.

నూకాలు ఏడాదంతా వెదురు చీలుస్తూ వ్యాకరణం వల్లెవేసి మళ్ళీ వచ్చింది. ఈసారి దివాన్‌గారు కూడా కూర్చుని చూస్తున్నారు.

"స్కార్పియన్ అన్న మాటతో మూడు వాక్యాలు చెప్పు!" అని ఇంగ్లీషులో గద్దించాడు పంతులు.

నూకాలు ఆయన కాళ్ళవైపే చూస్తూ తప్పులేని ఇంగ్లీషులో చెప్పింది. "మీ కుర్చీ కింద ఒక తేలు ఉందండీ. ఆ తేలు మీ పంచెలోకి దూరింది. ఇప్పుడా తేలు పైకి పాకుతోంది."

"అమ్మో! తేలు! చచ్చాన్రోయ్!" అంటూ పంతులు పంచె ఎగ్గట్టి బల్లెక్కేశాడు.

దివాన్‌గారు కంగారుగా వంగి చూశారు. ఎక్కడా తేలు లేదు.

"మీరడిగిన మూడు వాక్యాలూ అయ్యాయండీ," అంది నూకాలు, ఇంకా ఇంగ్లీషులోనే. "ఇక బయటికి వెళ్ళాల్సింది మీరే. బల్ల మాత్రం చూసి దిగండి, ఆ మేకు ఇంకా ఉంది."